పడవల బ్యాండు మీద మారుపలుకు

ప్రియమైన సున్నివాకు,

నీ యోస్టైన్ ప్రేమతో రాయునది. ఇక్కడ నేనూ మీ నాన్నా ఒంట్లో బాగానే ఉన్నాం. ట్రోమ్సో చలిలో నువ్వూ జలుబూ గిలుబూ లేకుండా నర్సు చదువు చదువుకుంటున్నావని తలుస్తాను. ‘ఒంట్లో’ అని విడిగా ఎందుకు రాశానో ముందుకెళ్తే తెలుస్తుంది. అలాగని చివరి పేజీ ముందే తిప్పకు. నీకా పాడలవాటుంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. పొయ్యి గొట్టం బాగైంది. అంటే, నేనే పైకెక్కి, జారిపడి, తర్వాత కొట్టు నడిపే కోరెని బతిమాలుకున్నాను. నడుం ఇప్పుడు పరవాలేదు. నాన్న తింటున్నారా అన్నావు. తింటున్నారు. ఉడికించిన కాడ్ చేపా బంగాళాదుంపలూ పెడితే తలొంచుకుని తిని, “బాగుంది” అని లేచిపోతారు. మీ అన్నయ్య ఐవిన్ పడవతో సహా పోయిన రోజునుంచీ ఈయన మాటలు కూడా సముద్రంలోనే ఉండిపోయాయని మీ అమ్మ అనేదట కదా. నేను ఈ ఇంటికి అల్లుణ్ణయింది ఆ తర్వాతే. ఆయన నోట వరసగా నాలుగు మాటలు నేనెన్నడూ విని ఎరగను.

వెనక రేవులో పడవ షెడ్డుకి ఇంకా వెళ్తున్నారా అన్నావు. మధ్యాహ్నం కాఫీ అవగానే టోపీ పెట్టుకుని కొండ చుట్టూ తిరిగి వెళ్ళిపోతారు. వలలు కుట్టుకుంటున్నారు కాబోలనుకున్నాను. ఎవరి దుఃఖం వాళ్ళది, వెంటపడి చూడ్డం మర్యాద కాదని ఊరుకున్నాను.

ఇక రేడియో పిచ్చి తగ్గిందా అన్నావు. తగ్గలేదు, ముదిరింది. అసలు ఈ ఉత్తరం దాని గురించే.

బడి అటక మీద మా ముగ్గురి క్లబ్బు సంగతి నీకు తెలియనిది కాదు. నేను, కోరె, టెలిగ్రాఫు ఆఫీసులో పనిచేసి రిటైరైన తీడెమన్. ఎక్కడెక్కడి స్టేషన్లూ వింటాం, విన్నది రాసి పంపుతాం, ‘నిజమే, మమ్మల్నే విన్నారు’ అని వాళ్ళు కార్డు పంపితే చిన్నపిల్లల్లా గోడకి అంటించుకుంటాం. నవంబరులో, ఇక రెండు నెలలు ఉదయించనని సూర్యుడు సెలవు తీసుకున్న వారం, షార్ట్‌వేవ్ అడుగున, చేపల పడవలు మాట్లాడుకునే బ్యాండుకి కాస్త పైన, ఒక గొంతు తగిలింది. మగ గొంతు, చాలా సన్నం. ఒక వాక్యం అంటాడు, ఆగుతాడు. చాలాసేపు ఆగుతాడు. మళ్ళీ ఇంకొకటంటాడు. ఏ భాషో తెలిస్తే ఒట్టు.

“ఐస్లాండ్ వాడు,” అన్నాడు కోరె.

“నీ మొహం! ఐస్లాండ్ వాళ్ళతో ఉద్యోగమంతా టకటకలాడినవాణ్ణి, వాళ్ళ తిట్లతో సహా నాకొచ్చు. ఇది అది కాదు,” అన్నాడు తీడెమన్.

రోజూ మధ్యాహ్నం అదే వేళకి వచ్చేవాడు. టేపు చేసి ఫిన్లాండు మిత్రులకి పంపాం. మాది కాదు, ఉత్తరాది సామీ తెగల భాషల్లో ఏదీ కాదన్నారు. ఇంగ్లండు క్లబ్బువాళ్ళు స్పెయిన్ వైపు బాస్క్ భాష కావచ్చన్నారు. ఆ ప్రాంతపు నావికుడికి వినిపిస్తే వాడు నవ్వి పోయాడు. బెర్గెన్‌లో ఒక భాషల ప్రొఫెసరు మాత్రం, ‘నాకు తెలిసిన ఏ భాషా కాదు, కానీ ఉత్తుత్తి కూతలూ కావు, ఇతను నిజంగా ఎవరితోనో మాట్లాడుతున్నాడు’ అని రాశాడు. అది చదివిన రోజు మా ముగ్గురికీ కాఫీ సహించలేదు.

చట్రానికి తీగ చుట్టి, దాన్ని ఎటు తిప్పితే గొంతు నీరసిస్తుందో చూసి, గొంతు వచ్చే దిక్కుకి పటం మీద గీత గీశాం. గీత కొండ మీదుగా సముద్రం దాటి గ్రీన్‌లాండ్ దాకా పోయింది. సన్నటి గొంతంటే దూరపు గొంతని మా రేడియోవాళ్ళకి వేదం. కోరె అయితే గ్రీన్‌లాండ్ నుంచి కార్డొస్తే ఏ గోడకి పెట్టాలో కూడా చూసుకున్నాడు. ఆ గీత కొండకి అవతలే ఎక్కడో ఆగవచ్చని, అరిగిపోయిన బ్యాటరీతో పక్కింటివాడి గొంతు కూడా సన్నగానే వస్తుందని ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఆ గొంతు నన్ను పట్టుకుంది సున్నివా. బడిలో పిల్లలకి లెక్కలు చెబుతుంటే వినిపించేది. రోజూ చివర్న ఒకటే వాక్యం అనేవాడు, అది నాకు కంఠతా వచ్చేసింది. గడ్డం గీసుకుంటూ అదే గొణుక్కునేవాణ్ణి. అర్థం తెలియని మాట నోట్లో తిరుగుతుంటే నా ఇంట్లో నేనే పరాయివాణ్ణనిపించేది.

ఒకరోజు తీడెమన్ ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశాడు. “ఇది ప్రసారం కాదురా. పిలుపు. జవాబు కోసం ఆగుతున్నాడు, ఎవరూ ఇవ్వట్లేదు. జవాబు లేని పిలుపులు నా సర్వీసులో విన్నాను. ఆ పడవలేవీ ఒడ్డుకి రాలేదు,” అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు కూర్చుని చదువు.

మొన్న మంగళవారం కోరె రేవులో సరుకు దింపుకుంటున్నాడు, తీడెమన్ పన్ను పీకించుకోడానికి వెళ్ళాడు. అటక మీద నేనొక్కణ్ణే. గొంతు వచ్చింది, ఎన్నడూ లేనంత నీరసంగా. ఆ చివరి వాక్యం అని ఆగాడు. నాకిక భరించడం వల్ల కాలేదు. పడవల బ్యాండు మర్యాద నీకు నాకంటే బాగా తెలుసు: విన్నానని చెప్పాలంటే, ఎదుటివాడన్న మాటే తిరిగి వాడికి చెప్పాలి. తీడెమన్ పాత ట్రాన్స్‌మిటర్ వేసి ఆ వాక్యాన్ని అలాగే తిరిగి చెప్పాను. అతని రాగంలోనే, పొల్లుపోకుండా.

అటునుంచి ఏడుపు వినిపించింది. ముసలి మనిషి ఏడుపు. దానికి ఏ ప్రొఫెసరూ అక్కర్లేదు. అన్నీ ఆపేసి ఇంటికి పరుగెత్తాను.

బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టానో లేదో మీ నాన్న బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

“కూర్చో అల్లుడూ,” అన్నారు. “ఐవిన్ పలికాడు.”

అటక మీద ఇన్నాళ్ళూ విన్న గొంతు ఈయనదేనని నాకప్పుడు తెలిసింది. ఆయన మాత్రం గట్టు తెగినట్టు మాట్లాడుతూనే ఉన్నారు. చేప ఎక్కడ పడిందో పక్క పడవలవాళ్ళకి తెలియకుండా తండ్రీకొడుకులిద్దరూ చెరో పడవనుంచీ రేడియోలో మాట్లాడుకోడానికి ఒక భాష అల్లుకున్నారట. మూడో మనిషికి రాదట.

“గొంతు మారిందిలే. బొంగురుపోయింది. ఇన్నేళ్ళు ఆ చన్నీళ్ళలో ఉంటే పోదూ మరి?” అని నాకే నచ్చజెప్పారు. “కానీ నా మాట నాకు అప్పజెప్పాడు. వాడెప్పుడూ అంతే, చెప్పిందొకటి చేసిందొకటి ఉండదు.”

“మీరేమన్నారు మామయ్యా?”

“అది మా ఇద్దరి మధ్యా ఉండనీ!” అని నవ్వారు. నవ్వారు సున్నివా! రెండోసారి వడ్డించమన్నారు. నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మొహం చూసి మళ్ళీ మూసుకున్నాను. అప్పటినుంచీ తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను.

మర్నాటినుంచి ఆయన షెడ్డులో ఉన్న పాత పడవ రేడియో ముట్టలేదు. “అనుకున్నాం కదా, ఇంక మాటలెందుకు?” అంటారు. ఏమనుకున్నారో, ఆయన కొడుకు పేరు మీద నేనేం ఒప్పుకున్నానో నాకు తెలియదు. పడవకి తారు పూశారు. ఐవిన్ స్వెట్టర్ పెట్టెలోంచి తీసి పొయ్యి పక్కన ఆరేశారు. నిన్న నా భుజం మీద చెయ్యేసి, “ఆదివారానికి గాలి తగ్గుతుంది. నువ్వూ రా. వాణ్ణి పైకి లాగడానికి నా ఒక్కడి బలం చాలదు,” అన్నారు. వస్తానన్నాను. రానంటే ఆయన ఒక్కరే పోతారు.

నువ్వు చిన్నప్పుడు వంటింటి రేడియోకి చెవి ఆనించి ఆ ఇద్దరి మాటలూ వింటూ కూర్చునేదానివని ఆయనే అన్నారు. మంగళవారం తిరిగిన టేపు ఇందులో పెట్టాను. చివర్న ఉన్న గొంతు నాది. ఒక్కదానివే విను. ఆ మాటేమిటో తెలిస్తే వెంటనే ఫోన్ చెయ్యి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చునే గుడ్రున్ నోట్లో నువ్వుగింజ నానదని ఇన్నాళ్ళూ భయపడ్డాను, ఇప్పుడు వింటే విననీ. పలికింది నేనని చెబితే ఆయన కొడుకు రెండోసారి పోతాడు. చెప్పకపోతే ఆదివారం మేమిద్దరం పోతాం. ఏం చెయ్యాలో నాకు పాలుపోవడం లేదు. ఆయన భాషలో ఆయన్ని ఆపగలిగితే నువ్వొక్కదానివే ఆపగలవు.

ఇప్పుడే ఆయన లోపలికొచ్చి ఎవరికి రాస్తున్నావని అడిగారు. నీకే అన్నాను.

“పెద్ద స్టీమరెక్కి వచ్చెయ్యమను. ఆదివారం భోజనానికి మనం నలుగురమని రాయి,” అన్నారు.

రాస్తున్నాను.

ఇట్లు,
రేవు వైపే కళ్ళుపెట్టుకుని ఉన్న
నీ భర్త,
యోస్టైన్