యూర్గెన్ తుపాకీకి సైలెన్సర్

కాట్‌బస్, జర్మనీ, శనివారం రాత్రి

ఈరోజు పక్కింటి యూర్గెన్ తన వేట తుపాకీకి సైలెన్సర్ బిగించాడు. గొట్టం చివరి మరలను గుడ్డతో తుడిచి, చేత్తోనే తిప్పి, వంకర లేదని మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. "తూటా జోరు తగ్గదు, చప్పుడే తగ్గుతుంది" అన్నాడు. తర్వాత షూటింగ్ రేంజికి వెళ్లి పేల్చి చూశాడు. పేలిన చప్పుడుకి ఎప్పుడూ కారు కిందకి దూరే అతని కుక్క ఈసారి కదలకుండా కూర్చుంది.

నాకు మా అమ్మాయి కెజియా గుర్తొచ్చింది. నేను చర్చిలో గొంతెత్తి ప్రసంగం మొదలుపెట్టగానే అది చెవులు మూసుకుని చివరి వరసలోకి పోతుంది. నా నోట వాక్యం విని నా బిడ్డే పారిపోతుంటే నేనింక ఎవరిని రక్షణలోకి పిలుస్తున్నట్టు?

ఇంటికొచ్చి కుక్క సంగతి చెబితే మా ఆవిడ, "ఆ గొట్టమేదో మీక్కూడా ఒకటి బిగించమనకపోయారా" అంది. నవ్వలేకపోయాను. ఏలీయాకు పెనుగాలిలో కనబడని దేవుడు మెల్లని స్వరంలోనే కదా పలికాడు.

పడుకునేముందు కెజియాకు 'యెహోవా నా కాపరి' కీర్తన మెల్లగా చెప్పాను. అయిపోగానే "నాన్నా, నోఖ్‌మాల్, ఇంకోసారి" అంటూ దిండు నా పక్కకు జరుపుకుంది. మళ్లీ చెప్పాను.

రేపు మైకు ముందు ఈ మెల్లని గొంతు నిలుస్తుందో లేదో... "ముందు వరసలో కూర్చుంటావా తల్లీ" అని అడిగాను.

"చూస్తాలే" అంది.