చిట్టికి ఐదో నంబరు మౌత్‌పీసు

బంగారీ, నా తర్వాత ఇట్లాంటి కాయితాలు నువ్వు రాయాల్సినదానివి. నువ్వే ముందు పోయావు. నీ కూతురి కోసం నేనే రాస్తున్నాను తల్లీ.

కుట్టుమిషను తొక్కి ఇద్దరు బిడ్డల్ని పెంచిన నేను, ఎవరి బలవంతం లేకుండా, మతి సరిగా ఉండగా రాసిన వీలునామా ఇది. నిన్న కూడా సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించాను, కావాలంటే పెద్దోణ్ణి అడగండి. ఎల్లుండి నాకు గుండె ఆపరేషను. భయమేం లేదన్నాడు డాక్టరు. ఆయనకి లేదేమో, నాకుంది.

1. మిషను, ఇంట్లో సామాను నా కొడుకు పెద్దోడికి. చెల్లెలి క్లారినెట్‌ని ఆ గొట్టం అన్నావు, బంగారి పోయిన నెలకే దాన్ని అమ్మేద్దామన్నావు. మర్చిపోలేదురా. అయినా నీకే. మేనకోడల్ని నీ దగ్గరే ఉంచుకుని చదివించాలి. బొత్తాల డబ్బా మాత్రం దానిది.

2. క్లారినెట్టు, రెండు మౌత్‌పీసులు, రీడ్లు నా మనవరాలు చిట్టికి. ఇక్కడ నిదానంగా చదవండి. నోట్లో పెట్టుకునే మౌత్‌పీసు కొసకీ, దాని మీద బిగించే రెల్లుబద్ద రీడుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది, ఊపిరి పోయేది అందులోంచే. రెండిటి సందుకీ తేడా వెంట్రుకంత. ఒకదాని మీద మూడు అని, ఇంకోదాని మీద ఐదు అని ఉంది. మిషను సూదికి నంబరు పెరిగితే లావు పెరుగుతుంది. అదే లెక్క అనుకుని, చిన్నపిల్లకి చిన్న నంబరు అని మూడో నంబరుది ఇచ్చాను. పైగా గట్టి రీడు బిగించాను. పిల్ల మొహం కందిపోయింది, కళ్ళు తిరిగాయి, కీచుమనడం తప్ప క్లారినెట్టు పలకలేదు. నెల రోజులు దాంతో కుస్తీ పట్టి, అమ్మ ఊపిరి నాకు రాలేదు అమ్మమ్మా అని పెట్టె మూసేసింది.

వాయిద్యాలు బాగుచేసే రిపేరు తాతకి చూపిస్తే తల పట్టుకున్నాడు. రెండూ వేరే కంపెనీలవమ్మా, ఒకరి నంబరుకీ ఇంకొకరి నంబరుకీ పొంతన ఉండదు, పెద్ద సందు మూడోదానికే, దానికి ఊపిరి ఎక్కువ కావాలి, మీ అమ్మాయి ఆరుబయట బ్యాండులో వాయించింది దాంతోనే, దానికి పలచ రీడు పెట్టాలి అన్నాడు. దారానికి నంబరు పెరిగితే సన్నం అవుతుందని నాకు తెలియదా? ముప్పై ఏళ్ళు కుట్టాను, ఆ సంగతి తట్టలేదు.

చిట్టీ, ఇదంతా నీకు చెప్పాను. నన్ను బుజ్జగిస్తున్నావు అమ్మమ్మా అన్నావు. స్టాంపు కాయితం మీద, సాక్షుల ముందు, ఆపరేషనుకి పోతూ ఎవరైనా బుజ్జగిస్తారా? తప్పు నాది. నీ ఊపిరిది కాదు.

3. ఐదోది ఇప్పుడే ఇవ్వాలి. మూడోది రిపేరు తాత దగ్గర ఉంటుంది. పిల్ల ఊదేది విని ఆయన సరే అన్న రోజున ఇవ్వాలి. దాని మీద మా బంగారి పంటిగాట్లు రెండున్నాయి, ఎవరూ అరగదీయొద్దు. వేడినీళ్ళతో కడగొద్దు, వంకర పోతుందట.

4. ఈ వీలునామా నడిపించే బాధ్యత రిపేరు తాతది. నేను పోయేదాకా దీన్ని మూసి పెట్టొద్దు. రేపు నేను ఆసుపత్రికి వెళ్ళగానే చిట్టి చేతికివ్వాలి. తిరిగొస్తే వినాలని ఉంది.

తేదీ: ఆరో నెల, పద్నాలుగు, పొద్దున.
సంతకం: చిట్టి అమ్మమ్మ
సాక్షులు: పక్కింటి టీచరమ్మ, కింది వాటా ఇస్త్రీ ఆయన

చిట్టీ, ఖాళీ కడుపుతో ఊదకు. ముందు పోయి కడుపునిండా తిను.