రేవులో వేలాడదీసిన పలక

చిరంజీవి మా గడుగ్గాయికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. ఇంట్లో బాగుండడానికి ఇంకెవరున్నారు గనక, నేనొక్కదాన్నే! వేళకు తింటున్నానని రాశావు. నీ మాట నమ్మడానికి నేనేం నీ కడుపున పుట్టలేదు, నువ్వే నా కడుపున పుట్టావు.

వంటింటి కుళాయి బాగుచేయించావా అని అడిగావు. చేయించాను. మీ నాన్న చెప్పులు ఎవరికైనా ఇచ్చేశావా అన్నావు. ఇవ్వలేదు. ఊడ్చేటప్పుడు పక్కకు జరిపి, మళ్ళీ గుమ్మం దగ్గరే పెడుతున్నాను. ఉండనీ.

ఇక నువ్వు అసలు అడిగిన సంగతి. సబ్బుపొడిలో మరకలు తినే ఎంజైములాంటిదే పెయింటులో కలిపావనీ, గుల్లలు పడవ అడుగున అతుక్కునే జిగురును అది కరిగించేస్తుందనీ, చేపలకు హాని చెయ్యదనీ నువ్వు చెబితే మీ నాన్న రేవంతా దండోరా వేశారు. ఆ పెయింటు పూసి, పరీక్షకని నువ్వు మన రేవు నీళ్ళలో వేలాడదీసిన పలక నెల నెలా మేం పంపిన ఫోటోల్లో అద్దంలా కనిపించింది. ఆయన పోయాక నేను పంపిన ఫోటోలో మాత్రం నిండా గుల్లలు. "నీళ్ళలో ఏం మారిందమ్మా? త్వరగా కనుక్కో, ప్రయాణికుల పడవలకి ఇదే పూయబోతున్నాం" అని రాశావు.

ఫోనులో చెప్పబోయి, ఏదో వంట సంగతి మాట్లాడి పెట్టేస్తున్నాను. అందుకే రాస్తున్నాను.

నీళ్ళేం మారలేదే. మొదటి నెలలోనే గుల్లలు పట్టాయి. మీ నాన్న చూసి ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు గీకే కత్తి తీసుకుని నీళ్ళలోకి దిగారు. జన్మంతా పడవల అడుగులు గీకిన చెయ్యి కదా, పెయింటు మీద గీత పడనిచ్చేవారు కాదు. ఛాతీ బాగాలేదు, దిగొద్దని డాక్టరు చెప్పాక కూడా ఫోటో తీసే ముందు దిగేవారు. నేను గట్టు మీద తాడు పట్టుకుని కూర్చునేదాన్ని.

"అది పనిచేస్తే పోయేది మీ పనే. దానికి మీరే ఊడిగం చేస్తున్నారు, బాగుంది సంబడం!" అనేదాన్ని.

"నా పనిదేముందే! పిల్ల నిద్ర మానుకుని చేసింది. పెయింటు నీళ్ళకి అలవాటు పడాలి గానీ, పనిచెయ్యక ఎక్కడికి పోతుంది?" అనేవారు. ఉత్తుత్తి మాట కాదు, నిజంగానే నమ్మారు పిచ్చి మనిషి.

పడవలు చూడ్డానికి వెళ్ళి రేవు మెట్ల మీద కూలబడ్డారని నీకు చెప్పాను. కాదు తల్లీ. నీ పలక గీకి పైకి వస్తూనే కూలబడ్డారు. నువ్వొచ్చేలోపు తడిబట్టలు మార్చింది నేనే.

నావల్లే పోయారని కుమిలిపోకు. నీకు తెలియనే తెలియదు. తెలిసీ తాడు పట్టుకున్నదాన్ని నేను. రోజూ ఏడుస్తూనే ఉన్నాను.

మీ ఆఫీసులో పెద్దవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పెయ్. తలవంపులైతే అయ్యాయి, ఆ పడవలకి మాత్రం పూయనివ్వకు. మళ్ళీ చెయ్యి, ఇంకో పలక పంపు. నేనే కడతాను. గుల్లలు పడితే పట్టాయనే రాస్తాను. గీకిపెట్టే మనిషి ఇక లేరు కదమ్మా.

ఇట్లు,
నువ్వు తిట్టినా పడే
మీ అమ్మ