ఒకటి తీస్తే

జూన్ 3

ఆఫీసు వాళ్లు కొత్త పని ఇచ్చారు, ఎప్పటిలాగే ఇంటి నుంచే. లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మల్టీసెట్ రాయాలి. మా పార్సిల్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే లేబుల్ ఉన్న రెండు పెట్టెలు వస్తే సెట్ ఒకదాన్నే ఉంచుకుంటోంది. రెండోది లేనట్టే. మల్టీసెట్ అలా కాదు. ఒకేలా ఉన్నా రెండింటినీ రెండుగానే గుర్తుపెట్టుకుంటుంది.

మా రావులపాలెం జనమంతా సెట్లే. కవలలం కదా, నన్నూ వీరదుర్గనీ చిన్నప్పటినుంచీ ఒక్కరికిందే జమకట్టేశారు. ఎవరు ఎవరో అడిగే ఓపిక ఎవరికీ లేదు. ఫిబ్రవరిలో జ్వరం వచ్చి దుర్గ పోయింది. ఇప్పుడు వీధిలో నన్ను చూసి ఉలిక్కిపడుతున్నారు. పడనీ.

జూన్ 5

అమ్మ ఇవాళ కూడా నా మొహం చూడలేదు. గోడకేసి చూస్తూ అన్నం వడ్డించింది. ఇంట్లో ఉన్నదే మేమిద్దరం.

జూన్ 9, సాయంత్రం 5

అనుకున్నంత కష్టం కాదు. హాష్ టేబుల్ చాలు. ప్రతి వస్తువు పేరు పక్కన అవి ఎన్నున్నాయో ఒక అంకె. వెయ్యడం, లెక్కపెట్టడం, తీయడం, మూడూ రాసేశాను.

బ్రాకెట్లు మూస్తుంటే దుర్గ గుర్తొచ్చింది. అరటిగెలకి అత్తాల్లాగ ఇన్ని బ్రాకెట్లేంటే అని వెక్కిరించేది. దానికి లిస్ప్ ముక్క రాదు. ఊరికే నా పక్కన కూర్చునేది. ఇప్పుడా కుర్చీలో లాప్‌టాప్ బ్యాగ్ పెడుతున్నాను. ఖాళీగా ఉంటే చూడలేను.

జూన్ 10

అమ్మ అరటిపళ్ల వ్యాపారం. ఇవాళ మార్కెట్ నుంచి తెచ్చిన అత్తంలో ఒక జంట పండు ఉంది. రెండు పళ్లు ఒకే తొక్కలో. డజన్లు కట్టేటప్పుడు దాన్నీ ఒకటిగానే లెక్కేస్తారు. ఆడవాళ్లు తింటే కవలలు పుడతారని ఎవరూ కొనరు. తను తిన్నందుకే మేం పుట్టామని అమ్మ నవ్వుతూ చెప్పేది. మమ్మల్ని మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. ఇవాళ దాన్ని తుంచి వీధిలో ఆవుకి పడేసింది. నవ్వలేదు.

జూన్ 12

మా టీమ్ సీనియర్ యెహెజ్కేలు గారు రాజమండ్రి నుంచి పనిచేస్తారు. నా కోడ్ చూసి, ఒకేలాంటివి రెండు వేసి ఒకటి తీసి చూడండి అని మెసేజ్ పెట్టారు. తీశాను. సున్నా వచ్చింది.

అంకె తగ్గించాల్సిన చోట పేరునే తుడిచేశాను. ఒకటి తీయమంటే ఉన్నవన్నీ పోతున్నాయి. అందరం చేసే తప్పేనండి, దిద్దెయ్యండి అన్నారు.

దిద్దలేదు. ఆ సున్నాని చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. అమ్మ లెక్క కూడా ఇదే కదా. ఒకరు పోతే ఇద్దరం పోయాం.

జూన్ 13

లీవు పెట్టాను.

జూన్ 16, ఉదయం 11

మొహంతోనే కదా తంటా. మార్చేస్తే పోలా. పార్లర్‌కి వెళ్లి మెడ దాకా జుట్టు కత్తిరించుకున్నాను. పక్కింటి మరిడమ్మ గారు ఎవరండీ మీరు అన్నారు. హాయిగా అనిపించింది.

సాయంత్రం 6

అమ్మ బుట్ట దించి నా వైపు చూసింది. తిన్నగా మొహంలోకి. ఫిబ్రవరి తర్వాత ఇదే మొదలు. ఇదేం పనే అని అరిచింది. దుర్గలా కనపడకూడదని చేయించుకున్నానని చెప్పాను. కూలబడిపోయింది.

నిన్ను చూస్తే ఏడుపాగదు, నేనేడిస్తే నువ్వేడుస్తావని చూడ్డం మానేశానే అంది. తెల్లారగట్ల నువ్వు లేవకముందు రోజూ చూసుకుంటున్నానే అంది. దాని మొహం దానిదే, నీ మొహం నీదే, నేనెప్పుడైనా కలిపేశానేంటే అంది.

దగ్గరికెళ్లి కూర్చున్నాను. నా జుట్టు కత్తిరించిన చోట అమ్మ చాలాసేపు తడుముతూ ఉండిపోయింది.

జూన్ 17

దిద్దాను. ఒకటి తీస్తే అంకె ఒకటే తగ్గుతుంది. సున్నాకి వస్తేనే పేరు పోతుంది. రెండు వేసి ఒకటి తీశాను. ఒకటి మిగిలింది. యెహెజ్కేలు గారు ఓకే అన్నారు.

ఒకటే మిగిలినప్పుడు ప్రింట్ చేస్తే, అది సెట్టో మల్టీసెట్టో చూసినవాళ్లకి తెలియదు. నాకు తెలుసు.

జూన్ 21

అమ్మ జంట పండు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇద్దరిదీ నువ్వే తినెయ్యవే అంది. కవలలు పుడతారేమో అన్నాను. పుడితే పుట్టనీ అంది.

రెండోది దుర్గది. తిన్నాను.