టెంటులో సంజీవని

5 జనవరి 2010, జనగామ

చప్పట్లు కొట్టింది నువ్వే. ఇది చదువుతున్న నువ్వే. ఇవాళ చౌరస్తా టెంటు ముందు నిలబడ్డ ప్రతి మనిషివీ నువ్వే.

నిరాహార దీక్షలో కూర్చున్న వినయ్ నిన్నటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టడం లేదు. నా బాటనీ స్టూడెంట్, డిగ్రీ ఫైనల్. తెలంగాణ ఇచ్చేదాకా లేవడట. దీక్ష కన్వీనర్ జితేందర్ భూపాలపల్లి గుట్టల నుంచి సంజీవని మొక్క తెప్పించి పళ్లెంలో పెట్టాడు. ముడుచుకున్న గోధుమరంగు ఉండ. నీళ్లు పోస్తే మెల్లగా విచ్చుకుంది. సూడుండ్రి, ఏడాది నీళ్లు లేకున్నా సావది, మన వినయ్ గూడ గింతే అన్నాడు మైకులో.

6 జనవరి, ఉదయం

సంజీవని పచ్చబడలేదు. రాత్రంతా నీళ్లలో ఉన్నా గోధుమరంగే. అంటే ఆ మొక్క చచ్చింది. విచ్చుకోవడం ప్రాణం కాదు. ఎండిన పొరలు తడికి ఉబ్బడం, అంతే.

సాయంత్రం

మైకు లాక్కున్నాను. ఇది ఫెర్న్‌ల చుట్టం, పువ్వు లేదు, విత్తనం లేదు, స్పోర్స్ అనే ధూళిలాంటి కణాలతోనే వంశం అన్నాను. ఆ వంశం నిలవాలన్నా మగకణం నీటి పొరలో ఈదాల్సిందే, ఇంత మొండి మొక్కకే నీళ్లు కావాలి, పిల్లవాడికి నీళ్లివ్వండి అన్నాను. పద్మలతక్కా, ఆకుల పాఠం కాలేజీల జెప్పుకో, గీడ పోరాటం నడుస్తుంది అన్నాడు జితేందర్. అక్కకు ఆంధ్ర నుంచి జీతం ముడుతున్నట్టుంది అని వెనక నుంచి ఎవడో అంటే జనం నవ్వారు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మా నాయిన జైల్లో ఉన్నాడు. నన్నా అనేది!

వినయ్ కూడా నవ్వాడు. పెదాలు పగిలి రక్తం. జర ఓపిక పట్టుండ్రి మేడం, దాని లెక్కనే నేను గూడ లేస్త అన్నాడు.

7 జనవరి

వినయ్‌కు మూత్రం ఆగింది. పోలీసులు అంబులెన్స్ తెస్తే జనం రోడ్డుకు అడ్డంగా పడుకున్నారు. నర్మెట్ట నుంచి వినయ్ తల్లి లచ్చవ్వ వచ్చింది. గా చెట్టు లేచింది గద మేడం, నా కొడుక్కేం గాదు గద అంది. అది చచ్చిన చెట్టు అవ్వా అన్నాను. నా చెంప పగలగొట్టింది. వెంటనే గ్లాసుతో కొడుకు దగ్గరికి పోయింది. అవ్వా, ఇజ్జత్ తియ్యకు అని టెంటువాళ్లు పక్కకు జరిపారు.

8 జనవరి

స్పృహ పోయాక తీసుకుపోనిచ్చారు. వరంగల్ దవాఖాన.

10 జనవరి

వినయ్ లేడు.

12 జనవరి

ఫొటో, దండ. ముందు అదే పళ్లెం. జితేందర్ నీళ్లు పోశాడు, నువ్వు మళ్లీ చప్పట్లు కొట్టావు. తెలంగాణ నాకూ కావాలి. రేపే కావాలి. కానీ ఆ పళ్లెం ఇప్పుడు మహబూబాబాద్ టెంటుకు పోతుందట. అక్కడ పుష్ప అనే పిల్ల కూర్చుందట, నీళ్లు మానేసి.

13 జనవరి, మహబూబాబాద్ బస్సులో

నా డిమాండ్లు.
పుష్పకు ఇవాళే నీళ్లివ్వాలి.
ఏ టెంటులోనూ మంచినీళ్లు మానే దీక్ష వద్దు.
ప్రతి టెంటులో డాక్టర్ ఉండాలి. ఆయన లెమ్మంటే లేవాలి.
తల్లి నీళ్లు తెస్తే ఎవరూ అడ్డు రావద్దు.
కొడుకు చావును చూపించడానికి లచ్చవ్వను ఏ స్టేజీ ఎక్కించవద్దు.