అమ్మచేత ఒప్పించిన నేరం

అమ్మకు,

నమస్కారాలతో నీ కూతురు రాస్తున్నది. ఇక్కడ నేనూ నాన్నా కులాసాగానే ఉన్నాం. నువ్వూ కులాసా అని రాయించావు. నమ్మినట్టు నటిస్తున్నాను.

జైల్లో నీ పక్కనే ఉంటూ నీ ఉత్తరం రాసిపెట్టిన కళ్లజోడు పిన్ని కింద తన మాటగా, "మీ అమ్మ గురకకు వేరే శిక్ష వెయ్యాలమ్మాయ్" అని చేర్చింది. నాన్న ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివించుకుని నవ్వాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. నువ్వు చెప్పినట్టే ఆయన మోకాలికి మందు రాస్తున్నాను.

"ఒప్పుకున్నాక మళ్లీ కోర్టేమిటే, సగం శిక్ష అయిపోయిందిగా" అన్నావు. కొత్త లాయరమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. హోటల్ లాండ్రీలో బట్టలు ఉతుకులో వేసేముందు జేబులు వెతకడం నీ పని. దొరికినవి నీ ఏప్రన్ జేబులో వేసుకుని, పని దిగేటప్పుడు సూపర్‌వైజర్‌కు అప్పగిస్తావు. ఆ చేతిగడియారాన్నీ అలాగే వేసుకున్నావు. అప్పగించే వేళ కాకముందే సోదా చేశారు. "జేబులో దొరికాక ఇంకేం వాదిస్తాం? ఒప్పుకుంటే జరిమానాతో ఇంటికి పంపుతారు" అన్నాడు పాత లాయరు. రెండూ తప్పేనట. "కాజేయాలన్న ఉద్దేశం లేకపోతే అది దొంగతనమే కాదు. పైగా పనిచేసే చోట దొంగతనం ఒప్పుకుంటే జైలు తప్పదు. ఆ మాత్రం చూసుకోకుండా ఎలా చెప్పాడమ్మా!" అని లాయరమ్మ తల పట్టుకుంది. తప్పుడు సలహా విని ఒప్పుకున్నావు కాబట్టి, ఆ ఒప్పుకోలు కొట్టేయమని అడగవచ్చు. కొట్టేసినంత మాత్రాన విడిచిపెట్టరు. విచారణ మొదటినుంచీ జరుగుతుంది. ఓడిపోతే శిక్ష పెరగనూవచ్చు. అదీ దాచను.

ఇక ఇన్నాళ్లూ దాచింది. పిన్నీ, ఈ ముక్క కాస్త గొంతు తగ్గించి చదవండి.

అమ్మా, ఆ రోజు లాయరు గదిలో "నేను తీయకుండా తీశానని ఎట్లా చెప్పనే?" అన్నావు. "నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. మనింట్లో బడి మొహం చూసినదాన్ని నేనొక్కదాన్నే కదా, ఊరుకున్నావు. నిజానికి నాకూ ఏమీ తెలియదు. పరీక్షలకు గడియారం లేదని అంతకుముందు వారమే నీ మీద అలిగాను. నువ్వు దాన్ని నాకోసమే తీశావనుకున్నాను. అడిగితే అవునంటావేమోనని అడగలేదు. లాయరు చెప్పింది సరైనదో కాదో ఇంకొకరినీ అడగలేదు. చప్పుడు లేకుండా ముగిసిపోతే చాలనుకున్నాను. "ఒప్పుకుంటున్నావా?" అని జడ్జిగారు అడిగినప్పుడు నువ్వు నావైపు చూశావు. నేను తలూపాను.

తీయలేదని నువ్వన్న ఆ మాట విన్నది పాత లాయరూ నేనూ మాత్రమే. ఆయన గుర్తులేదంటున్నాడు. నేను కోర్టులో చెబుతాను. "మరి మీరెందుకు ఒప్పించారు?" అని అడుగుతారట. పైన రాసిందే చెబుతాను, నాన్న ఎదురుగానే.

లాయరమ్మ మంగళవారం నీ దగ్గరకు వస్తుంది. అర్జీ మొత్తం చదివించుకో. అర్థంకానిది ఎన్నిసార్లయినా అడుగు. నామీద కోపంతో వద్దనకు, జాలితో సరేననకు. నేనూ వస్తాను గానీ, మీ మాటలు అయ్యేదాకా గది బయటే కూర్చుంటాను.

ఇట్లు,
నిన్ను ఒక్క మాట అడగని
నీ కూతురు