రోడ్డు రోలర్ సంగతి

అక్కా,

నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాకోసం ఒక చిన్న అబద్ధం ఆడిపెట్టాలి, కాదనకు.

మా ఆఫీసుకు కొత్త మేనేజరు వచ్చాడు. చిన్నప్పుడు ఏమవ్వాలనుకున్నామో అందరిచేతా కాగితం మీద రాయించుకుని, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి నిజమేనా అని కనుక్కుంటున్నాడు. నిజమని తేలితే మర్నాడే ఆ పనిలో వేసేస్తున్నాడు. నేను ఊహ తెలిసినప్పటి నుంచీ ఇప్పుడు చేస్తున్న ఈ రికార్డుల గుమాస్తా పనే చెయ్యాలనుకున్నానని రాసిచ్చాను. ఫోనొస్తే అవునను. రోడ్డు రోలర్ సంగతి మాత్రం ఎత్తకు. డ్రైవరైతే ఏదోలా సర్దుకునేవాణ్ణి. నేను రోలరే అవుతానని నువ్వు మడతపెట్టిన బట్టల మీద దొర్లేవాణ్ణి కదా! ఇద్దరు పిల్లల తండ్రిని, పరువు పోతుంది.

మా టైపిస్టుగారు అమాయకంగా పోస్టు డబ్బా అని నిజం రాశారు. వాళ్ల మేనత్త ఔనంది. సోమవారం నుంచి ఆయన ఎర్ర కోటు తొడుక్కుని, గేటు దగ్గర నోరు తెరుచుకుని నిలబడుతున్నారు.

"కష్టంగా లేదాండీ?" అని అడిగాను.

నోట్లోని ఉత్తరాలు చేతిలోకి తీసుకుని, "ఇరవై ఏళ్లు టైపు కొట్టడమే కష్టమయింది బాబూ" అని మళ్లీ నోరు తెరిచారు. ఆ మొహంలో అంత కళ నేనెన్నడూ చూడలేదు.

ఈ ఉత్తరం కూడా ఆయన నోట్లోనే వేస్తున్నాను.

మేనేజరు అడిగితే గుమాస్తా అనే చెప్పు. రెండోసారి గుచ్చి అడిగితే మాత్రం నిజం చెప్పెయ్. అడక్కపోతే, ఇంకోసారి అడగమను.

నీ తమ్ముడు